ఇంజను అరుగుదలను కొలుచుట: ఏ పరికరము కొనాలి, ఏది అక్కరలేదు?

నీటిపంపును నడిపే చిన్న డీజిలు ఇంజను పొగ ఎక్కువగా వదులుతున్నది. నూనె ఎక్కువగా త్రాగుతున్నది. మెకానిక్కు దానిని విప్పి, సిలిండరు లోపల వ్రేలితో తడిమి చూచి, "అరిగింది, బోరు కొట్టించాలి" అంటాడు. ఆ మాట నిజమే కావచ్చు. కాని ఎంత అరిగింది? క్రొత్త రింగులు వేస్తే చాలునా, లేక సిలిండరును బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేయవలెనా? మొదటి దానికి అయ్యే ఖర్చు స్వల్పము. రెండవ దానికి ఎన్నో రెట్లు. పైరుకు నీరు కావలసిన రోజులలో పంపు ఆగితే కలిగే నష్టము వేరు. ఇంతటి నిర్ణయమునకు ఆధారము మిల్లీమీటరులో పదవవంతు, ఒక్కొక్కప్పుడు నూరవవంతు. వ్రేలు ఆ సంగతి చెప్పలేదు, కొలపరికరమే చెప్పాలి.

అయితే ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే ఇంజను విప్పేవారు పెద్ద కర్మాగారములలోని పరికరములన్నీ కొనలేరు. కొననక్కర కూడా లేదు. కావలసినదెల్లా మన పాఠశాల ప్రయోగశాలలో నేర్చుకొన్న రెండు మూడు సూత్రములను గుర్తుంచుకొనడమే.

ముందుగా వెర్నియర్ కాలిపర్సును చూద్దాము. 1631లో ఫ్రాన్సు దేశీయుడైన పియర్ వెర్నియర్ ఈ కొలత పద్ధతిని వివరించాడు. పాఠశాలలో వాడే దాని కనీసపు కొలత 0.1 మి.మీ.; పనివారు వాడే దానికి 0.02 మి.మీ. ఇప్పుడు అంకెలను తెరమీద చూపే కాలిపర్సు కూడా అంగళ్ళలో చౌకగా దొరుకుతున్నవి. అవి 0.01 మి.మీ. వరకు అంకెలు చూపుతవి. కాని చూపే అంకె వేరు, నమ్మదగిన కొలత వేరు. అటువంటి పరికరములో 0.02 నుండి 0.03 మి.మీ. వరకు దోషము ఉండడము సామాన్యము.

ఈ దోషము ఎంత పెద్దదో ఒక ఉదాహరణము వలన తెలుస్తుంది. ఇరుసునకు, దాని బేరింగుకు మధ్య నూనెపొర కోసము విడిచే సందు, స్థూలముగా ఇరుసు వ్యాసములో వెయ్యవ వంతు ఉంటుంది. వ్యాసము 40 మి.మీ. అయితే సందు 0.04 మి.మీ. ఇరుసును కొలిచినప్పుడు 0.03, బేరింగు రంధ్రమును కొలిచినప్పుడు మరొక 0.03 దోషము వస్తే, మొత్తము 0.06 కావచ్చు. అంటే దోషము సందుకంటె పెద్దది! కాబట్టి కాలిపర్సు బోల్టులకు, వాషర్లకు, విడిభాగముల పొడవులకు మంచిది. ఇంజను సందులకు పనికిరాదు. పైగా దాని లోపలి దవడలు సిలిండరు మూతి వరకే అందుతవి. అరుగుదల ఉండే చోటికి పోవు.

ఇక మైక్రోమీటరు. ఇది మన స్క్రూగేజియే. ఫ్రాన్సులో పామర్ అనే ఆయన 1848లో దీనికి పేటెంటు పొందాడు. 1867లో ప్యారిస్ ప్రదర్శనములో దానిని చూచిన అమెరికా వ్యాపారులు బ్రౌన్, షార్ప్‌లు తమ దేశములో తయారుచేయించి వ్యాప్తిలోనికి తెచ్చారు. మర ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు జరుగుతుంది. తల స్కేలు మీద 50 భాగములు ఉంటవి. కనుక కనీసపు కొలత 0.01 మి.మీ. అయితే ఒక్కొక్క మైక్రోమీటరు 25 మి.మీ. వ్యాప్తిలోనే పనిచేస్తుంది. పెట్టె నిండా అన్ని సైజులు కొనడము దండుగ. 80 మి.మీ. పిస్టన్ గల ఇంజను ఒకటే మీకు ఉంటే, 75 నుండి 100 వరకు కొలిచేది ఒకటి చాలు.

ఇక్కడ భౌతికశాస్త్రము మనకు డబ్బు మిగిల్చే ఒక మేలు చేస్తున్నది. మనకు కావలసినది పిస్టన్ వ్యాసము కాదు, సిలిండరు వ్యాసము కాదు. ఆ రెంటికి గల భేదము. రెంటినీ ఒకే మైక్రోమీటరుతో కొలిస్తే, దాని శూన్యాంశ దోషము తీసివేతలో పోతుంది. అది ఎల్లప్పుడూ 0.02 మి.మీ. ఎక్కువ చూపినా భేదము మారదు. సిలిండరులోనికి మైక్రోమీటరు దూరదు కనుక, సాగి బిగుసుకొనే టెలిస్కోపిక్ గేజిని లోపల ఉంచి, బిగించి, బయటికి తీసి, దాని పొడవును అదే మైక్రోమీటరుతో కొలవాలి. అయిదుసార్లు కొలిచి చూడండి. అంకెలు ఒకదానికొకటి దగ్గరగా రాకపోతే ఆ కొలతను నమ్మకూడదు.

కాబట్టి చౌక పరికరమును ఎన్నుకొనేటప్పుడు మొదట అడగవలసినది, "ఇది ప్రతిసారీ ఒకే అంకె చూపుతుందా?" అని. వాడిన మైక్రోమీటరు కొనేటప్పుడు మర మొదటినుండి చివరివరకు ఎక్కడా పట్టివేయకుండా తిరగాలి. తరువాత ఒక క్రొత్త బాల్ బేరింగును కొలవండి. 6208 సంఖ్యగల బేరింగు బయటి వ్యాసము 80 మి.మీ.; సామాన్య తరగతి బేరింగులలో అది 80ని మించదు, తగ్గినా 0.013 మి.మీ. లోపే తగ్గుతుంది. ఇంత ఖచ్చితమైన ప్రమాణవస్తువు మన ఊరి విడిభాగముల అంగడిలోనే దొరుకుతున్నది!

వేడిమి సంగతి కూడా మరువరాదు. పొడవు కొలతలకు ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని 1931లో అంతర్జాతీయముగా నిర్ణయించారు. మన వేసవిలో షెడ్డులో 40 డిగ్రీలు ఉండడము వింత కాదు. 80 మి.మీ. అల్యూమినియము పిస్టన్ ఆ 20 డిగ్రీల భేదమునకు సుమారు 0.037 మి.మీ. వ్యాకోచిస్తుంది; పోత ఇనుప సిలిండరు సుమారు 0.018 మాత్రమే. అంటే సందు దాదాపు 0.02 మి.మీ. తగ్గినట్లు కనిపిస్తుంది. ఎండలో ఉన్న పిస్టన్‌ను, నీడలో ఉన్న సిలిండరును కొలిస్తే తప్పు ఇంకా పెరుగుతుంది. వస్తువులను, పరికరమును రాత్రంతా ఒకే గదిలో ఉంచి, తెల్లవారి చల్లని వేళ కొలవడము ఉత్తమము.

అన్నిటికంటె చౌక పరికరము ఫీలర్ గేజి. వేర్వేరు మందముగల సన్నని ఉక్కు రేకుల కట్ట అది. వాల్వుల సందు చూచుటకు అది ఎట్లాగూ ఉండాలి. దానితోనే సిలిండరు అరుగుదలను కూడా కొలవవచ్చును. ఒక క్రొత్త పిస్టన్ రింగును సిలిండరు అడుగున, రింగులు రాయని చోట ఉంచి, తలక్రిందులు చేసిన పిస్టన్‌తో నెట్టి సమముగా నిలపండి. రింగు కొనల మధ్య సందును కొలవండి. 0.30 మి.మీ. వచ్చిందనుకొందాము. తరువాత అదే రింగును పైభాగమున, మొదటి రింగు వెనుకకు మరలే చోట ఉంచండి. అక్కడ వేడిమి, పీడనము ఎక్కువ, నూనె తక్కువ. అందుచేత అరుగుదల అక్కడే హెచ్చు. అక్కడ సందు 0.85 మి.మీ. అయితే, భేదము 0.55. ఈ భేదము చుట్టుకొలతలో పెరుగుదల, కనుక 3.14తో భాగిస్తే వ్యాసములో పెరుగుదల సుమారు 0.175 మి.మీ. వస్తుంది. వృత్తపు లెక్క అరుగుదలను మూడు రెట్లు పెద్దది చేసి మనకు చూపుతున్నదన్నమాట! ఇంజనుతో వచ్చిన పుస్తకములోని హద్దుతో ఈ అంకెను పోల్చి నిర్ణయము చేయవచ్చును.

ఈ పద్ధతికి ఒక లోపమున్నది. ఇది సగటు వ్యాసమునే చెపుతుంది. సిలిండరు సాధారణముగా అన్నివైపుల సమముగా అరగదు. క్రాంకు ఇరుసునకు అడ్డముగా ఉండే దిక్కున ఎక్కువ అరిగి అండాకారమవుతుంది. రింగు లెక్క హద్దుకు దగ్గరగా వస్తే మాత్రము టెలిస్కోపిక్ గేజితో రెండు దిక్కులా కొలవాలి, లేదా బోరు గేజి ఉన్న షాపులో కొలిపించాలి.

కాబట్టి కొనవలసిన క్రమము ఇది: మొదట ఫీలర్ గేజి, తరువాత మీ పిస్టన్ సైజుకు తగిన మైక్రోమీటరు ఒకటి, ఆపైన టెలిస్కోపిక్ గేజి. బేరింగు సందుకు, నలిగి వెడల్పయ్యే సన్నని ప్లాస్టిక్ దారము చాలు. ఇరుసు తిప్పకుండా బిగించి, విప్పి, నలిగిన దారపు వెడల్పును దానితో ఇచ్చే కాగితపు కొలతతో పోల్చితే సందు తెలుస్తుంది.

ఉపాధ్యాయులు పాత సిలిండరు లైనరు ఒకటి, రింగు ఒకటి, ఫీలర్ గేజి ఒకటి సంపాదించి ఈ ప్రయోగమును తరగతిలో చేయించవచ్చును. శూన్యాంశ దోషము, చుట్టుకొలత, ఉష్ణ వ్యాకోచము పరీక్ష కోసము చదివే మాటలు మాత్రమే కావని, ఇంటికి వచ్చిన ఖర్చును ఆపగల మాటలని విద్యార్థులు గ్రహిస్తారు. ఆ తరువాత తమ ఇంటి ఇంజనును విప్పిన రోజున, "అరిగింది" అన్న మాట వినగానే, వారు "ఎంత?" అని అడుగుతారు.