రైలు సరకు రవాణాలో ప్రామాణిక కంటెయినరు: తాడిపత్రి అరటి రైలు ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సరకును మధ్యలో విప్పకుండా లారీ నుంచి రైలుకు, రైలు నుంచి ఓడకు మార్చగలగడం ప్రామాణిక కంటెయినరు ప్రధాన ప్రయోజనం. ఈ పెట్టెకు అంతర్జాతీయంగా ఒకే కొలత ఏర్పడిన తీరును, రైలు బండిపై అది పనిచేసే విధానాన్ని, భారతీయ రైల్వేలో దాని ప్రస్థానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 2020లో అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు సాగిన అరటి రవాణాను ఉదాహరణగా తీసుకొని, ఈ పద్ధతి వల్ల కలిగే మేలును, దాని పరిమితులను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కంటెయినరు, సరకు రవాణా, రైలు, రేవు, అరటి, హమాలీ.

1. ఉపోద్ఘాతం:

గుంతకల్లు ఒకప్పుడు బ్రాడ్‌గేజి, మీటరుగేజి మార్గాలు కలిసే జంక్షను. పట్టాల మధ్య వెడల్పు మారితే వ్యాగను ముందుకు సాగదు. అందులోని బస్తాలను దించి, పక్కనున్న మరో వ్యాగనులోకి ఎక్కించాలి. ఇటువంటి చోట్ల ఒక్కో సరకును మనిషి భుజం మీద మోసి మార్చేవారు. దీనివల్ల కాలం గడిచేది, కూలి ఖర్చు పెరిగేది, బస్తాలు చిరిగేవి, సరకు తరిగేది. దేశంలో చాలా మార్గాలు బ్రాడ్‌గేజికి మారిన తరువాత గేజి సమస్య తగ్గింది. అయితే లారీకి, రైలుకు, ఓడకు మధ్య సరకు చేతులు మారే సమస్య మిగిలే ఉంది. ఈ సమస్యకు ప్రపంచం కనుగొన్న పరిష్కారం ఒక ఉక్కు పెట్టె. ఆ పెట్టె కంటే దానికి అందరూ అంగీకరించిన కొలతే ఇక్కడ ముఖ్యమైనది.

2. ప్రమాణం ఏర్పడిన తీరు:

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ రేవు నుంచి 'ఐడియల్-ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో హ్యూస్టన్‌కు బయలుదేరింది. లారీ రవాణా వ్యాపారి మాల్కం మెక్లీన్ దీనికి సూత్రధారి. అయితే తొలినాళ్లలో ఒక్కో సంస్థది ఒక్కో కొలత. మెక్లీన్ సంస్థ 35 అడుగుల పెట్టెను వాడితే, పసిఫిక్ తీరంలోని మాట్సన్ సంస్థ 24 అడుగుల పెట్టెను వాడింది. ఒకరి పెట్టెకు తగిన క్రేను, బండి మరొకరి పెట్టెకు పనికివచ్చేవి కావు. ఈ పరిస్థితిలో రైలు సంస్థలు ఏ కొలతను నమ్మి వ్యాగన్లు తయారుచేయించుకోవాలో తేలేది కాదు.

1960వ దశకంలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ చిక్కును పరిష్కరించింది. ఇంజనీరు కీత్ టాంట్లింగర్ రూపొందించిన మూల బిగింపుకు సంబంధించిన హక్కులను మెక్లీన్ సంస్థ వదులుకోవడం ఇందుకు తోడ్పడింది. 1968లో కంటెయినర్ల కొలతలపై ప్రమాణం వెలువడింది. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నవి 20 అడుగుల పెట్టె, 40 అడుగుల పెట్టె. రెండింటి వెడల్పూ 8 అడుగులే. ఎత్తు సాధారణంగా 8 అడుగుల 6 అంగుళాలు. ఎత్తైన రకానికి 9 అడుగుల 6 అంగుళాలు.

ఈ కొలతల్లో ఒక సూక్ష్మం గమనింపదగినది. 20 అడుగుల పెట్టె నిజానికి పూర్తిగా 20 అడుగులు ఉండదు. దాని పొడవు 6.058 మీటర్లు, అంటే 19 అడుగుల పదిన్నర అంగుళాలు. 40 అడుగుల పెట్టె పొడవు 12.192 మీటర్లు. రెండు చిన్న పెట్టెలను పక్కపక్కన పెట్టి, నడుమ 3 అంగుళాల సందు వదిలితే అవి కచ్చితంగా ఒక పెద్ద పెట్టె స్థలంలో సరిపోతాయి. అందువల్ల ఒకే వ్యాగను రెండు రకాల పెట్టెలనూ మోయగలుగుతుంది.

3. రైలు బండిపై కంటెయినరు:

కంటెయినరు ఎనిమిది మూలల్లోనూ రంధ్రాలు గల ఉక్కు దిమ్మెలు ఉంటాయి. వ్యాగనుపై ఉండే బిగింపులు అడుగు మూలల రంధ్రాలలోకి చేరి పెట్టెను కదలకుండా పట్టి ఉంచుతాయి. క్రేను పై మూలలను పట్టి ఎత్తుతుంది. పైన మోపే పెట్టెల భారమూ ఈ మూల స్తంభాల మీదుగానే కిందికి దిగుతుంది. కనుక వ్యాగనుకు గోడలు, పైకప్పు, తలుపులు అవసరం లేదు. బల్లపరుపు చట్రం ఉంటే చాలు. వ్యాగను తక్కువ బరువుతో ఉంటుంది. లోపల ఏ సరకు ఉన్నా ఎక్కించే, దించే పద్ధతి మాత్రం మారదు.

పెట్టె ఎంపికను సరకు స్వభావం నిర్ణయిస్తుంది. గ్రానైటు దిమ్మెల వంటి బరువైన సరకు విషయంలో పెట్టె నిండకముందే బరువు పరిమితి దగ్గరపడుతుంది. అందుకు 20 అడుగుల పెట్టె అనుకూలం. పెట్టెతో కలిపి దానికి ఎక్కువగా అనుసరించే గరిష్ఠ భారం 30,480 కిలోలు. 40 అడుగుల పెట్టెలో స్థలం రెట్టింపైనా, మోయగల బరువు రెట్టింపు కాదు. కనుక అది ఎక్కువ స్థలం ఆక్రమించే తేలిక సరకుకు తగినది.

4. భారతీయ రైల్వేలో ప్రస్థానం:

భారతీయ రైల్వే 1966లో దేశీయ సరకు కోసం కంటెయినరు సేవను ప్రారంభించింది. అవి అంతర్జాతీయ ప్రమాణానికి చెందినవి కావు, పరిమాణంలో చిన్నవి. 1973లో కొచ్చి రేవులో తొలి అంతర్జాతీయ కంటెయినరు దిగింది. 1981లో బెంగళూరులో తొలి ఇన్‌లాండ్ కంటెయినర్ డిపో ఏర్పడింది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లోనే కస్టమ్స్ తనిఖీ పూర్తిచేసి, పెట్టెకు సీలు వేసి, రైలులో రేవుకు పంపే స్థలమే ఈ డిపో. ఆ విధంగా రేవు చేయవలసిన పనిలో కొంత భాగం లోతట్టు ప్రాంతానికి తరలివచ్చింది. ఆ దశకంలో ఏర్పడిన తొలి డిపోలలో గుంటూరు, అనపర్తి కూడా ఉండడం తెలుగు నేలకు సంబంధించినంతవరకు విశేషం. 1988లో కంటెయినర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమై, మరుసటి సంవత్సరం రైల్వే నుంచి ఈ డిపోలను స్వీకరించింది. 2006లో ప్రైవేటు సంస్థలకూ కంటెయినరు రైళ్లు నడిపే అవకాశం లభించింది. హైదరాబాదులోని సనత్‌నగర్ డిపో, 2003లో పని ప్రారంభించిన విశాఖ కంటెయినర్ టెర్మినల్ తెలుగు ప్రాంతాల్లో ఈ వ్యవస్థకు ముఖ్య కేంద్రాలు.

5. తాడిపత్రి అరటి రైలు:

2020 జనవరి చివర తాడిపత్రి నుంచి ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు 43 శీతల కంటెయినర్లతో ఒక రైలు బయలుదేరింది. అందులో 980 టన్నుల అరటి ఎగుమతికి వెళ్లింది. సగటున ఒక్కో పెట్టెలో దాదాపు 23 టన్నుల పండ్లు ఉన్నాయన్నమాట.

అరటి వంటి పంటకు కాలమే ధరను నిర్ణయిస్తుంది. కోసిన పచ్చికాయను సుమారు 13, 14 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే మాగడం ఆలస్యమవుతుంది. అంతకంటే చల్లబరిస్తే తొక్క నల్లబడి కాయ పాడవుతుంది. వేడి తగిలితే ఓడ ఎక్కకముందే పండుతుంది. కనుక పొలం సమీపంలోని ప్యాకింగు కేంద్రం నుంచి విదేశీ రేవు వరకు చల్లదనం తెగకూడదు. మధ్యలో ఒక్కసారి పెట్టె తెరిచి గెలలను మరో బండిలోకి మార్చినా ఆ గొలుసు తెగుతుంది. కంటెయినరు ఈ అవసరాన్ని తీరుస్తుంది. ఎక్కడ తలుపు మూశారో, గమ్యం చేరేవరకు అది తిరిగి తెరుచుకోదు.

ఓడలో, రేవులో శీతల పెట్టెకు విద్యుత్తు అందుతుంది. సాధారణ సరకు రైలులో ఆ వసతి ఉండదు. కనుక ప్రయాణంలో డీజిల్ జనరేటరు ద్వారా విద్యుత్తు అందించవలసి ఉంటుంది. తాడిపత్రి నుంచి ముంబయి వైపు సాగే రైలుమార్గం గుంతకల్లు మీదుగా వెళ్తుంది. ఒకప్పుడు బస్తా బస్తాను మోసి మార్చిన జంక్షను మీదుగా, ఒక్క కాయనూ తాకకుండా వందల టన్నుల అరటి దాటిపోయింది. ప్రామాణిక కంటెయినరు తెచ్చిన మార్పును అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క పోలిక చాలు.

6. ఒకదానిపై ఒకటి:

ఒకే రైలులో ఎక్కువ పెట్టెలు పంపడానికి వాటిని రెండు అంతస్తులుగా పేర్చడం మరో మార్గం. అమెరికాలో ఇందుకు నడుమ గుంట గల ప్రత్యేక వ్యాగన్లు వాడతారు. భారతీయ బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఈ వెడల్పు ఇచ్చే స్థిరత్వం వల్ల బల్లపరుపు వ్యాగను మీదనే రెండు పెట్టెలు పేర్చగలుగుతున్నారు. 45 వ్యాగన్ల రైలు ఒక్క వరుసలో 20 అడుగుల పెట్టెలు 90 మోస్తే, రెండు వరుసల్లో 180 మోస్తుంది.

అయితే దీనికి అడ్డు పైనున్న విద్యుత్తు తీగ. పశ్చిమ ప్రత్యేక సరకు మార్గంలో ఆ తీగను సుమారు ఏడున్నర మీటర్ల ఎత్తున అమర్చారు. 2021 జనవరి 7న న్యూ అటేలీ, న్యూ కిషన్‌గఢ్‌ల మధ్య విద్యుత్ ఇంజనుతో రెండంతస్తుల కంటెయినరు రైలు ప్రారంభమైంది. సాధారణ ఎత్తులో తీగలున్న మార్గాల్లో ఈ పద్ధతి సాధ్యం కాదు.

7. పరిమితులు:

రైలు ప్రతి ఇంటి ముందుకూ రాదు. పెట్టెను డిపోకు చేర్చడానికి, అక్కడి నుంచి తీసుకుపోవడానికి లారీయే కావాలి. రెండు చివరలా క్రేను ఖర్చు, లారీ ఖర్చు, నిరీక్షణ ఉంటాయి. ప్రయాణ దూరం తక్కువైతే ఈ ఖర్చులు రైలు వల్ల కలిగే ఆదాను మింగేస్తాయి. దూరం పెరిగేకొద్దీ అవి ఎక్కువ కిలోమీటర్ల మీద పంచుకోబడి రైలు లాభదాయకమవుతుంది. రైలు నిండేంత సరకు ఒకేసారి పోగుపడటం మరో షరతు. ఒక రైతు కోతతో అది నెరవేరదు. అనేక తోటల కోతలను ఒకే తేదీకి సమకూర్చవలసి ఉంటుంది.

తిరుగు ప్రయాణం మరో సమస్య. అరటికి శీతల పెట్టెలు కావాలి. కాని రేవు నుంచి తాడిపత్రి వైపు శీతల సరకు అదే మోతాదులో రాదు. ఖాళీ పెట్టెను తెచ్చే ఖర్చు కూడా చివరకు అరటి రవాణా మీదనే పడుతుంది.

శ్రమ సంగతినీ విస్మరించరాదు. గూడ్సు షెడ్లలో బస్తా ఎత్తితేనే హమాలీకి కూలి గిట్టుతుంది. కంటెయినరు వచ్చినచోట ఆ పని క్రేనుకు చేరుతుంది. పెట్టెను నింపే పని ప్యాకింగు కేంద్రానికి, గోదాముకు తరలుతుంది. పని పూర్తిగా అంతరించదు. కానీ అది మారిన చోట పాత హమాలీకే దొరుకుతుందన్న హామీ లేదు. రవాణాలో మిగిలిన కాలాన్ని లెక్కించేటప్పుడు ఈ నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. కంటెయినరు శక్తి దాని ఉక్కులో కంటే, అందరూ అంగీకరించిన కొలతలో, మూల బిగింపులో ఉంది.

2. ఇన్‌లాండ్ డిపోల వల్ల సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతాలకూ ఎగుమతి మార్గం సుగమమైంది.

3. చెడిపోయే స్వభావం గల పంటకు మధ్యలో తెరవని పెట్టె, తెగని చల్లదనం అత్యవసరమని తాడిపత్రి ఉదాహరణ నిరూపిస్తున్నది.

4. దూరం, సరకు పరిమాణం, తిరుగు సరకు అనే మూడూ కుదిరినప్పుడే రైలు కంటెయినరు లారీ కంటే మేలవుతుంది.

5. ఈ మార్పులో ఉపాధి కోల్పోయే హమాలీలకు కొత్త కేంద్రాలలో చోటు కల్పించినప్పుడే దీని ప్రయోజనం సమగ్రమవుతుంది.