ఫైలు మనదే, చదివేది మరొకరు

బదిలీ మీద వెళ్లే కుటుంబాలు సామాను తగ్గించుకుంటూ తమ తెలుగు పుస్తకాలను మాకు ఇచ్చి వెళ్తుంటాయి. యానాం నుంచి పుదుచ్చేరి వచ్చినవారు ఇచ్చినవీ అందులో ఉన్నాయి. వాటి జాబితాను డేటాబేసులో పెడదామని పన్నెండో తరగతి విద్యార్థిని ఒకామె పూనుకుంది. వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చేసింది. ఆమెకు మిగిలినది ఒక్క వారమే.

జాబితాను సీఎస్‌వీ ఫైలుగా తన హోమ్ ఫోల్డరులో దాచుకుంది. ఉబుంటు కంప్యూటరులో పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు 'కాపీ' ఆదేశం ఇచ్చింది. వెంటనే 'పర్మిషన్ డినైడ్' అని వచ్చింది.

"మేడమ్, ఫైలు నాదే కదా! నేను తెరిస్తే తెరుచుకుంటోందే!" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆదేశం ఇచ్చింది ఆమె, కానీ ఫైలు చదవబోయింది ఆమె కాదు. డేటాబేసు సర్వరు 'పోస్ట్‌గ్రెస్' అనే వేరే వాడుకరి పేరుతో నడుస్తుంది. మన ఇంట్లో బల్ల మీద పుస్తకం ఉంది, తెచ్చుకో అని స్నేహితుణ్ణి పంపామనుకోండి. వీధి గేటుకు తాళం ఉంటే పుస్తకం కళ్లెదుటే ఉన్నా అందదు. 2021లో వచ్చిన ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లు ఇతరులకు మూసే ఉంటాయి. కాబట్టి ఫైలు ఒక్కటే కాదు, దారిలోని ప్రతి ఫోల్డరూ తెరిచి ఉండాలి.

అనుమతులను అంకెలతో చెబుతారు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఫోల్డరుకైతే ఆ 1 లోపలికి వెళ్లే అనుమతి. మూడు అంకెలు వరుసగా యజమానికి, గుంపుకు, మిగతా అందరికీ. 644 అంటే యజమాని చదివి రాయగలరు, మిగతావారు చదవగలరు.

"అయితే 777 పెట్టేద్దాం మేడమ్!" అన్నాడు పక్కనున్న అబ్బాయి. మేం వద్దన్నాం. జాబితాలో పుస్తకాలు ఇచ్చినవారి ఫోన్ నంబర్లు ఉన్నాయి. 777 పెడితే ఆ కంప్యూటరు వాడే ఎవరైనా వాటిని చూడవచ్చు, మార్చవచ్చు, చెరిపేయనూ వచ్చు.

తెర మీది సందేశాన్ని చివరిదాకా చదివితే దారి అక్కడే కనబడింది. 'కాపీ' ముందు వెనక్కి వాలిన గీత పెట్టి, పీఎస్‌క్యూఎల్‌లో ఆదేశం ఇచ్చాం. అప్పుడు ఫైలును సర్వరు కాక, మన పేరుతో నడిచే పీఎస్‌క్యూఎల్ చదివి సర్వరుకు అందిస్తుంది. ఏ తాళమూ తీయకుండానే జాబితా ఎక్కింది.

మీరు నేర్చుకునే మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే పద్ధతి ఉంది. 'లోడ్ డేటా' తర్వాత 'లోకల్' అని చేర్చాలి. 8.0 వెర్షనులో అది మొదట ఆపి ఉంటుంది కనుక సర్వరులోనూ, మన వైపూ అనుమతించాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్లో చదువుతోంది. ఆమె చేసిన జాబితాలో మేం ఇవాళా పుస్తకాలు వెతుక్కుంటున్నాం. మీకూ అలాంటి సందేశం ఎదురైతే అనుమతులు మార్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ఫైలును చదవబోయేది ఎవరు?