22 జీబీ ఫైల్, అమ్మ వీడియో కాల్

శనివారం రాత్రి 9కి డాలస్‌లో కూర్చుని గుంటూరులో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేస్తాను. అక్కడ ఆదివారం ఉదయం 7:30. రెండు నెలలుగా మాట మధ్యలో బొమ్మ బిగుసుకుపోయేది. "నీకు తీరిక లేకపోతే చెప్పు నాన్నా" అని ఒకరోజు అమ్మ అనేసింది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తేనేమో, "మా లైన్ బాగానే ఉంది, మీ వైఫైలోనే లోపం" అన్నారు.

సరే, రుజువు పట్టుకుందామని మోడెమ్‌కీ రౌటర్‌కీ మధ్య పోర్ట్ మిర్రరింగ్ ఉన్న చిన్న స్విచ్ పెట్టి, లాప్‌టాప్‌లో వైర్‌షార్క్ ఆన్ చేశాను. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా వదిలేశాను. పిల్లల సినిమాలతో సహా 22 జీబీ ఫైల్ తయారైంది. తెరవబోతే లాప్‌టాప్ కాసేపు మూలిగి ఆగిపోయింది. వైర్‌షార్క్ ప్రతి ప్యాకెట్ వివరాన్నీ మెమరీలో పెట్టుకుంటుంది మరి. నాకున్న ర్యామ్ 16 జీబీలే.

దీనికి మందు వైర్‌షార్క్‌తో పాటే వస్తుంది, పేరు ఎడిట్‌క్యాప్. మౌస్‌తో పని లేదు, కమాండ్ టైప్ చేయాలి. ఇది ప్యాకెట్లను ఒక్కొక్కటిగా చదివి రాసుకుంటూ పోతుంది కాబట్టి ఫైల్ ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు. కమాండ్ పేరు తర్వాత హైఫన్ సి పెట్టి అంకె ఇస్తే అన్నేసి ప్యాకెట్లకో ఫైల్ చేస్తుంది. నాకు కావాల్సింది సమయం కాబట్టి హైఫన్ ఐ, 600 అని ఇచ్చాను. అంటే 600 సెకన్లకో ముక్క. ఆ వెనక పాత ఫైల్ పేరు, కొత్త ఫైల్ పేరు, అంతే. ప్రతి ముక్క పేరులో వరస సంఖ్యా, సమయమూ ఉంటాయి. 9 గంటల ముక్కలు వెతకడం చిటికెలో పని.

ఒక చిక్కు మాత్రం ఉంది. కత్తెర కాల్ మధ్యలో పడుతుంది. కనెక్షన్ మొదలైన ప్యాకెట్లు ఒక ముక్కలో, తెగిన చోటు ఇంకో ముక్కలో ఉంటే సగం కథే కనిపిస్తుంది. అప్పుడు పక్కపక్క ముక్కల్ని మెర్జ్‌క్యాప్‌తో కలుపుకోవాలి. సమయం కచ్చితంగా తెలిస్తే, పెద్ద ఎ తో మొదలూ పెద్ద బి తో చివరా చెప్పి ఆ భాగమే కోసుకోవడం ఇంకా మేలు.

9:14కి దొరికింది. 40 సెకన్ల పాటు మా రౌటర్ నుంచి ప్యాకెట్లు బయటికి వెళ్తూనే ఉన్నాయి, బయటి నుంచి ఒక్కటీ రాలేదు. వైఫై తప్పయితే బయటికి వెళ్లేవే ఆగాలి కదా!

ఆ ముక్క పంపేముందు హైఫన్ ఎస్, 96 అని ఇచ్చి ప్రతి ప్యాకెట్‌నీ మొదటి 96 బైట్ల దగ్గర కత్తిరించాను. మన ఇంటి సంగతులన్నీ ఎవరికో ఎందుకు? ఐపీ అడ్రస్‌లు మాత్రం అలాగే ఉంటాయి, గమనించండి.

మీరు చేస్తే నాలా ముందు పోగేసి తర్వాత కోయకండి. వైర్‌షార్క్ క్యాప్చర్ ఆప్షన్లలో, అవుట్‌పుట్ ట్యాబ్‌లో, 100 ఎంబీకో కొత్త ఫైల్ అనీ, 200 ఫైళ్లు నిండితే పాతవి తీసెయ్ అనీ ముందే చెప్పొచ్చు. డిస్క్ 20 జీబీ దాటదు. ఇదంతా సొంత ఇంటి నెట్‌వర్క్ మీదే సుమా, ఆఫీసులో అనుమతి లేకుండా వద్దు.

టెక్నీషియన్ వచ్చి బయటి డబ్బాలో తుప్పు పట్టిన కనెక్టర్ మార్చాడు. ఆ శనివారం అమ్మతో కాల్ ఒక్కసారే తెగింది, అదీ అమ్మ ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి.