నిడదవోలు లూపులో కాసేపు

“మనం ముందొచ్చాం కదా తాతయ్యా! వెనకొచ్చిన ఎక్స్‌ప్రెస్‌ని ముందు పంపేస్తారెందుకు?”

రాజమండ్రి నుంచి బెజవాడ వెళ్ళే ప్యాసింజరు నిడదవోలులో ఆగిపోయినప్పుడల్లా ఏదో ఒక పెట్టెలో ఎవరో ఒక పిల్ల ఈ మాట అడుగుతుంది. “క్రాసింగ్ పడిందమ్మా, కూర్చో” అని పెద్దవాళ్ళు సర్దిచెప్పేస్తారు. సీజన్ టికెట్ల వాళ్ళయితే తలెత్తి కూడా చూడరు. నాకు మాత్రం అలా అడిగిన పిల్లని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పాలనిపిస్తుంది. రా అమ్మడూ, బండి ఎలాగూ ఇప్పుడే కదలదు.

ముందు ఈ జంక్షను ఇక్కడికెలా వచ్చిందో విను. గోదావరి ధవళేశ్వరం దాకా ఒక్కటే నది. ఆ కిందనే చీలిపోతుంది. గౌతమి తూర్పుకి, వసిష్ఠ పడమరకి, మధ్యలో వైనతేయ. 1890ల్లో మెయిన్‌లైను వేసినవాళ్ళు ఆ పాయల జోలికి పోలేదు. నది ఇంకా ఒక్కటిగా ఉన్న రాజమండ్రి దగ్గరే దాటేశారు, ఒక్క వంతెనతో పని జరిగిపోయింది. అదే హేవలాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు. 56 గడ్డర్ల ఆ వంతెన 1997 దాకా బళ్ళని మోసింది. మనం ఇందాక దాటింది దాని తరవాతి తరం వంతెన. దారి అలా పైనుంచి పోవడంతో కింద డెల్టా ఊళ్ళన్నీ మెయిన్‌లైనుకి దూరంగా ఉండిపోయాయి. తణుకు, అత్తిలి, భీమవరం, పాలకొల్లు, నరసాపురం వాళ్ళ కోసం 1920ల చివర్లో డెల్టాలోకి లైను వేశారు. ఆ లైను మెయిన్‌లైనులో కలిసే చోటు ఈ నిడదవోలు. ఇప్పుడు కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి కోనసీమ లైను వేస్తున్నారు కదా, దాని పనులు ఇరవై ఏళ్ళకి పైగా సాగుతున్నాయి. ఆనాటివాళ్ళు తప్పించుకుపోయిన గౌతమీ, వైనతేయా, వసిష్ఠా మూడూ ఈ లైనుకి అడ్డం. మూడింటికీ మూడు వంతెనలు కట్టాలి.

సరే, నీ ప్రశ్నకి వద్దాం. దాని జవాబు చక్రం కిందే ఉంది.

రైలు చక్రం ఉక్కు, పట్టా కూడా ఉక్కే. రెండూ గట్టివి కాబట్టి ఎంత బరువు పడ్డా పెద్దగా అణగవు. ఒక్కో చక్రం పట్టాని తాకే మేర సుమారు ఒక చదరపు సెంటీమీటరు, నీ చిటికెనవేలి గోరంత. మనం కూర్చున్న పెట్టెకి ఎనిమిది చక్రాలు. అంటే ఇంత పెట్టే, ఇందులో జనమూ, సామాన్లూ, పైన అరటిగెలలూ అన్నీ ఆ ఎనిమిది గోళ్ళంత చోటు మీదే నిలబడి ఉన్నాయన్నమాట. బస్సు టైరు సంగతి వేరు. దొర్లుతున్నంతసేపూ అది అణుగుతూ లేస్తూ ఉంటుంది. ఆ పనిలో బోలెడు శక్తి వేడిగా మారిపోతుంది. బస్సు ఆగాక టైరు దగ్గర చెయ్యి పెడితే నీకే తెలుస్తుంది. లెక్కలో చెప్పాలంటే, చదునైన దారిలో ఒక టన్ను బరువుని టైర్ల మీద నడిపించడానికి పది కిలోల బరువు ఎత్తినంత బలం కావాలి. పట్టాల మీదైతే రెండు కిలోలతో సరిపోతుంది. ప్యాసింజరు టికెట్టు అంత చవగ్గా ఉండగలగడానికి ఇదీ ఒక కారణం.

అంత తేలిగ్గా దొర్లే వస్తువు అంత తేలిగ్గా ఆగదు. బ్రేకు వేస్తే చక్రం పట్టాని పట్టుకుని ఆగాలి. ఉక్కుకి ఉక్కు మీద పట్టు తక్కువ. గంటకి 110 కిలోమీటర్ల మీద వస్తున్న ఎక్స్‌ప్రెస్‌కి గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి ఉజ్జాయింపుగా కిలోమీటరు దూరం పడుతుంది. ముసురు పట్టిన రోజు ఇంకా కష్టం. ఇందులో ఒక చిత్రముంది: కుండపోత వానకన్నా సన్నటి తుంపరే డ్రైవరుకి ఎక్కువ ఇబ్బంది. పెద్ద వాన పట్టాని కడిగేస్తుంది. తుంపరైతే పట్టా మీది దుమ్మునీ జిడ్డునీ కలిపి జారుడు పూత పూస్తుంది. అప్పుడు చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగిపోకుండా, ఇంజను కింద ఉన్న గొట్టాల్లోంచి పట్టా మీదికి పొడి ఇసుక చల్లుతారు. కావాలంటే ఈసారి ఇంజను చక్రాల ముందు చూడు, గొట్టాలు కనపడతాయి.

కళ్ళకి కనపడేంత దూరంలో ఆగలేనివాడికి ముందే కబురందాలి. సిగ్నళ్ళు ఉన్నది అందుకే. ఆకుపచ్చ అంటే పో. రెండు పసుపులు అంటే ముందున్న సిగ్నలు పసుపు. ఒక పసుపు అంటే ఆ ముందుది ఎరుపు కావచ్చు, ఆగడానికి సిద్ధపడు. ఎరుపు కనపడేసరికే డ్రైవరు సగం పని పూర్తిచేసి ఉండాలి. స్టేషనుకి ముందు పెట్టే ఆ హెచ్చరిక సిగ్నళ్ళ మధ్య కిలోమీటరు ఎడం ఎందుకుంచారో ఇందాకటి లెక్క చూస్తే నీకే తెలుస్తుంది.

ఇప్పుడు మన బండి ముందు బయల్దేరిందనుకో. మారంపల్లిలో ఆగుతుంది, నవాబుపాలెంలో ఆగుతుంది, ప్రత్తిపాడులో ఆగుతుంది. వెనక ఎక్స్‌ప్రెస్‌కి తాడేపల్లిగూడెం దాకా పసుపు మీద పసుపు. వేగం తగ్గించడం, మళ్ళీ పెంచడం, మళ్ళీ తగ్గించడం. ఇరవై పెట్టెల బండికి అది పెద్ద ఖర్చు. పైగా దాని వెనక ఇంకో బండి, దాని వెనక గూడ్సు, అందరికీ ఆలస్యమే. అందుకని పక్క లైన్లున్న ఇలాంటి చోట మనల్ని ఆ పక్క లైనులో, అంటే లూపులో పెట్టి దాన్ని వదిలేస్తారు. సైన్సు ఇంతవరకే చెబుతుంది. రోజూ కాలేజీకి పోయే పిల్లకి ఆ పావుగంట ఎంత విలువో సైన్సు చెప్పదు. నన్నడిగితే, ఎప్పుడూ ఒక బండివాళ్ళే ఆగాల్సి రావడం న్యాయం కాదు. ఆ పావుగంటని కూడా టైంటేబులు వేసేవాళ్ళు లెక్కలో వేసుకోవాలి.

అదిగో, భీమవరం బండి కదులుతోంది. కిటికీలోంచి చెయ్యి పెట్టకుండా చూడు. స్టేషనులోకి వచ్చే దారిలో సిగ్నలు నెత్తి మీద అయిదు తెల్లదీపాలు ఒక వరసలో వాలి వెలగడం చూశావా? బండిని మెయిన్‌లైను నుంచి పక్కకి తిప్పుతున్నామని డ్రైవరుకి చెప్పే గుర్తది. దీపాలు ఏ పక్కకి వాలితే దారి ఆ పక్కకి. బండి నిజంగా తిరిగేది మాత్రం పాయింట్ల దగ్గర. చివర సన్నగా చెక్కిన రెండు పట్టాలు మోటారుతో అటూ ఇటూ జరుగుతాయి. జరిగి పక్క పట్టాకి పూర్తిగా అంటుకుని, తాళం పడితేనే సిగ్నలు మారుతుంది. మధ్యలో 5 మిల్లీమీటర్ల మందం రాయిముక్క ఇరుక్కున్నా తాళం పడకూడదు. అలా పడట్లేదని సిబ్బంది అంత మందం ఇనుపముక్క పెట్టి పరీక్షిస్తారు కూడా. అంత పట్టింపు ఉంది కాబట్టే మనం బండిలో నిద్రపోగలుగుతున్నాం.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన సంగతి. బండి వంపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం. బస్సుకైతే రెండు చక్రాలూ వేరువేరు వేగాల్తో తిరిగే ఏర్పాటుంది. రైలుకి అది లేదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించేసి ఉంటాయి, ఒకటి ఒక చుట్టు తిరిగితే రెండోదీ సరిగ్గా ఒక చుట్టే. మన పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు. బండి ఉత్తరం నుంచి పడమరకి తిరిగినట్టు పూర్తి మూలమలుపు తిరిగితే బయటి పట్టా లోపలి పట్టా కన్నా సుమారు 2.6 మీటర్లు ఎక్కువ పొడుగుంటుంది. చిన్న వంపైనా పెద్ద వంపైనా ఆ తేడా అంతే, కావాలంటే కాగితం మీద వృత్తాలు గీసి లెక్కేసుకో. మరి ఆ 2.6 మీటర్లని ఎవరు సర్దుతారు?

చక్రం ఆకారమే సర్దుతుంది. రైలు చక్రం అంచు చదునుగా ఉండదు. లోపలివైపు కాస్త లావు, బయటివైపు కాస్త సన్నం. ఆ వాలు ఇరవైకి ఒకటి. వంపులో బండి కొంచెం బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద దొర్లుతుంది, లోపలి చక్రం సన్నభాగం మీద. ఒక్క చుట్టులోనే లావు చక్రం ఎక్కువ దూరం పోతుంది. స్టీరింగు లేదు, ఎవరూ తిప్పడం లేదు, ఇరుసు తనంతట తనే తిరిగిపోతుంది. తిన్నటి దారిలో కూడా ఇదే దాన్ని పట్టాల మధ్యకి తెచ్చుకుంటూ ఉంటుంది. చక్రానికి లోపలివైపు నిలబడి ఉండే అంచు గోడ ఉంది చూశావూ, బండి పట్టాల మీద నిలిచేది దానివల్లే అని చాలామంది అనుకుంటారు. అది చివరి కాపలా. అది పట్టాకి రాసుకుంటే కీచుమంటుంది, మామూలుగా నడుస్తున్నప్పుడు ఆ చప్పుడు వినపడదు.

నమ్మకం కలగకపోతే ఇంటికెళ్ళి చేసి చూడు. రెండు కాగితం టీ కప్పులు తీసుకుని వెడల్పు మూతుల్ని ఎదురెదురుగా పెట్టి టేపుతో అంటించు. రెండు పొడవాటి కర్రల్ని పట్టాల్లా ఏటవాలుగా పెట్టి మీదనుంచి దొర్లించు. కొంచెం వంకరగా వదిలినా కప్పులు అటూ ఇటూ ఊగి మధ్యకి వచ్చేస్తాయి. తరవాత ఆ టేపు పీకి, ఈసారి కప్పుల అడుగుల్ని కలిపి అంటించి దొర్లించు. పక్కకి జరిగినకొద్దీ ఇంకా జరిగి కిందపడిపోతాయి.

ఇక మనం కూర్చున్న ఈ బండి సంగతి. దీన్ని మెము అంటారు. పాత ప్యాసింజరుకి ఒక్క ఇంజను ముందుండి అన్ని పెట్టెల్నీ లాగేది. దీనికి వేరే ఇంజను లేదు. నాలుగు పెట్టెలకొకటి చొప్పున మోటార్లున్న పెట్టె ఉంటుంది. బరువంతా మోసే చక్రాల్లో ఎక్కువ వాటికి లాగే పని అప్పజెబితే జారకుండా చప్పున వేగం అందుకుంటుంది. అయిదారు కిలోమీటర్లకోసారి ఆగే బండికి కావలసింది అదే. వీటి బాగోగులు చూసే కారుషెడ్డు రాజమండ్రిలోనే ఉంది.

ఆగడంలోనూ లెక్కుంది. 500 టన్నుల బండి గంటకి 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని దగ్గర ఉన్న శక్తి సుమారు 28 యూనిట్ల కరెంటు. మీ ఇంట్లో నాలుగైదు రోజులు ఫ్యాన్లూ, దీపాలూ, ఫ్రిజ్జూ నడుస్తాయి దాంతో. పాత బళ్ళలో ప్రతి స్టేషనులోనూ అదంతా బ్రేకు దిమ్మల దగ్గర వేడై పోయేది. బండి ఆగగానే కాలిన ఇనుప వాసన వచ్చేది అందుకే. కొత్తరకం మెములో బ్రేకు వేసినప్పుడు మోటార్లే డైనమోలవుతాయి. చక్రాల తిరుగుడునుంచి కరెంటు పుట్టించి, అందులో చాలా భాగాన్ని పై తీగలోకి తిరిగి పంపుతాయి. మనం చాగల్లులో ఆగేటప్పుడు పుట్టిన కరెంటుతో పక్క లైనులో ఇంకో బండి బయల్దేరి ఉండొచ్చు.

పై తీగ అన్నాను కదా, తలెత్తి చూడు. అది పట్టాలకి నడిమధ్య తిన్నగా పోదు. ఒక స్తంభం దగ్గర మధ్యగీతకి 20 సెంటీమీటర్లు ఎడమకి, తరవాతి స్తంభం దగ్గర అంతే కుడికి, అలా వంకరటింకరగా పోతుంది. కావాలనే అలా కట్టారు. బండి నెత్తి మీద తీగని తాకే పట్టీ కార్బనుది. తీగ ఒకేచోట రాస్తూ పోతే, బావి గట్టు రాయి మీద చేంతాడు గాడి పెట్టినట్టు ఆ పట్టీకీ గాడి పడుతుంది. అటూ ఇటూ జరుగుతుంటే పట్టీ అంతా సమానంగా అరుగుతుంది. ఆ తీగలో 25,000 వోల్టులుంటాయి. తాకక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు ప్రాణం తీస్తుంది. బండి పైకెక్కడం, తడి గెడలు పైకెత్తడం కలలో కూడా వద్దు.

తీగ మరీ బిగుసుకున్నా వదులైనా బండికి కరెంటు సరిగ్గా అందదు. మన దగ్గర సంక్రాంతి తెల్లవారుజామునీ, రోహిణీకార్తె మధ్యాహ్నాన్నీ పక్కపక్కన పెడితే తీగ వేడిలో 30 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. 700 మీటర్ల రాగితీగ ఆ 30 డిగ్రీలకి దాదాపు 35 సెంటీమీటర్లు సాగుతుంది. దాన్ని సరిచెయ్యడానికి మనిషిని పెట్టలేదు. కొన్ని స్తంభాలకి గిలకల మీదుగా ఇనుప బిళ్ళల దొంతర వేలాడుతుంటుంది, కొన్ని వందల కిలోల బరువు. తీగ సాగితే బరువు కిందికి దిగి ఆ సాగిన మేరని లాగేసుకుంటుంది. తీగ కుంచించుకుంటే పైకి లేస్తుంది. బిగువు మాత్రం ఏడాదంతా ఒక్కటే. గిలకల అమరికవల్ల తీగ కదిలినదానికి మూడురెట్లు బరువు కదిలే చోట్లున్నాయి, అంటే మీటరు పైచిలుకు. కంటికి బాగా ఆనుతుంది. మీ ఊరి స్టేషనులో ప్లాట్‌ఫారం దాటకుండా కనపడే దొంతర ఒకటి ఎంచుకుని, అది స్తంభం మీద ఏ ఎత్తులో ఉందో సంక్రాంతికి ఒకసారి, మే నెలాఖరుకి ఒకసారి నోటుపుస్తకంలో రాసుకో. చలికాలం అంకె పెద్దదిగా ఉండాలి. అలా రాకపోతే ఆ దొంతర ఎక్కడో పట్టేసి ఉండొచ్చు, స్టేషను మాస్టరు గారికి వెళ్ళి చెప్పు.