పాసమ్, చిమ్మట: ఎర్ర జాబితాలో ఇరుగుపొరుగు

ఆస్ట్రేలియా ఆల్ప్స్ పర్వతాలలో, మంచు కప్పే బండరాళ్ల సందుల్లో, పర్వత పిగ్మీ పాసమ్ అనే చిన్న జంతువు నివసిస్తుంది. బరువు సుమారు 45 గ్రాములు. కంగారూ వలెనే పిల్లలను పొట్టసంచిలో పెంచే మార్సూపియల్, అంటే క్షీరదం. 1896లో రాబర్ట్ బ్రూమ్ దీనికి బుర్రామిస్ పార్వస్ అని నామకరణం చేసినప్పుడు ఆయన ముందున్నవి శిలాజాలు మాత్రమే. (బ్రూమ్ వృత్తిరీత్యా వైద్యుడు, ఆనాటి జీవశాస్త్రానికి వైద్యులు చేసిన సేవ తక్కువేమీ కాదు.) 1966లో హోతమ్ పర్వతం మీది ఒక స్కీయింగ్ విడిదిలో సజీవంగా దొరికేదాకా అది అంతరించిన జాతేనని భావించారు.

బోగాంగ్ చిమ్మట రాత్రివేళ ఎగిరే రెక్కల పురుగు. ఆర్థ్రోపొడా వర్గం, కీటకాల విభాగం, నాక్టుయిడే కుటుంబం. తెలుగునాట పత్తి రైతును పీడించే శనగపచ్చ పురుగుదీ అదే కుటుంబం. వర్గీకరణ నిచ్చెనలో జంతురాజ్యం అన్న పై మెట్టు తప్ప పాసమ్‌కూ దీనికీ ఉమ్మడి మెట్టు లేదు.

అయితే ఆ కొండల మీద ఒకటి తినేది, మరొకటి తిండి. పాసమ్ శీతకాలమంతా మంచు కింద సుప్తావస్థలో గడిపి, వసంతంలో ఆకలితో మేల్కొని పిల్లలను కంటుంది. సరిగ్గా అప్పుడే మైదానాల నుంచి, కొన్ని వెయ్యి కిలోమీటర్ల దూరం ఎగిరి, కొవ్వు నిండిన చిమ్మటలు వేసవి సుప్తావస్థ కోసం ఆ గుహలకు చేరతాయి. చదరపు మీటరు రాతిగోడ మీద పదిహేడు వేల దాకా ఉంటాయని అంచనా. 2017, 2018 కరవు సంవత్సరాలలో చిమ్మటలు దాదాపు రాలేదు. పాలు చాలక పొట్టసంచుల్లోనే పిల్లలు చనిపోయాయి.

ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో పాసమ్ ‘తీవ్ర ప్రమాదంలో ఉన్న’ జాతి. 2021 డిసెంబరులో చిమ్మట ‘ప్రమాదంలో ఉన్న’ జాతిగా చేరింది. కోట్ల సంఖ్యలో ఉండే పురుగుకు ప్రమాదమేమిటని సందేహం రావచ్చు. ఈ జాబితా మిగిలిన సంఖ్యను ఒక్కదాన్నే చూడదు, తగ్గుదల వేగాన్నీ చూస్తుంది. లావుపాటి రోగి కొద్ది నెలల్లో సగం బరువు కోల్పోతే, ఇంకా లావుగానే ఉన్నాడని ఏ వైద్యుడూ ఊరుకోడు కదా! పాసమ్‌ది వేరే సంగతి: ఉన్నవే కొద్ది వేలు, అవీ మూడు కొండ ప్రాంతాలకే పరిమితం.

ఇబ్బందల్లా జాబితా ఒక్కొక్క జాతినీ విడివిడిగా తూచడంలో ఉంది. 2019–20 కార్చిచ్చుల తరువాత పాసమ్‌ల కోసం చిమ్మట పోషకాలను పోలిన బిస్కట్లు తయారుచేసి కొండ మీద పెట్టారు. అవి ఆకలి తీర్చగలవు. చిమ్మట గొంగళిపురుగులు పెరిగేది మాత్రం ఆ కొండలకు వందల కిలోమీటర్ల దూరాన, సాగుభూములుగా మారిన మైదానాల్లో.