మైన్ అంటే నాదా... గనా?

నాలుగే అక్షరాల ఇంగ్లిషు మాట. ఒక అర్థంలో 'నాది'. ఇంకో అర్థంలో నేలలో తవ్విన గొయ్యి. మూడో అర్థంలో కాలు మోపితే పేలే మందుపాతర! ఈ మాట వెంట తవ్వుకుంటూ వెళ్తే గోల్కొండ గోడల కిందికీ, కొల్లూరు వజ్రాల దగ్గరికీ, చివరికి సుప్రీంకోర్టు మెట్ల దాకా దారి ఉంది.

సాయంత్రం ఆరున్నర. పాతబస్తీ కిషన్‌బాగ్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా ఎక్కడో ఓ ఇంటి ముందు గదిలో ట్యూషన్ నడుస్తూనే ఉంటుంది. 'దిస్ బుక్ ఈజ్ మైన్' అని అందరూ రాగం తీస్తూ చదువుతారు. మైన్ అంటే నాది. బాగానే ఉంది. ఆ పక్క పేజీలోనే సోషల్ పాఠం. 'కోల్ మైన్'. ఇక్కడ మైన్ అంటే గని. మరి బొగ్గు నాదా అని ఏ పిల్లాడో అడిగితే తప్పు పట్టడానికి లేదు.

ఈ తికమక ఇంగ్లిషు ఒక్కదానికే పరిమితం కాదండీ. కిషన్‌బాగ్ వాళ్లకైతే మరీ బాగా తెలియాలి. ఇక్కడ ఒక గుమ్మంలో దక్కనీ ఉర్దూ, పక్క గుమ్మంలో తెలుగు. ఉర్దూలో గనిని 'కాన్' అంటారు, అది పారశీకం నుంచి వచ్చిన మాట. చెవినీ 'కాన్' అనే అంటారు! తెలుగు మాత్రం తక్కువ తిందా? 'గని' అంటే ఖనిజం తవ్వే చోటు. పాత కావ్యాల్లో 'గని' అంటే 'చూసి' అని కూడా. మూడు భాషలు, మూడు మాటలు... మూడింటికీ రెండేసి ముఖాలు.

ఇంతకీ ఇంగ్లిషు మైన్‌లు రెండూ అన్నదమ్ములా? కాదు. కనీసం దూరపు చుట్టరికం కూడా లేదు. 'నాది' అనే మైన్ పాత ఇంగ్లిషులో మొదటి నుంచీ ఉన్నదే. గని అనే మైన్ ఫ్రెంచి వాళ్ల దగ్గర తెచ్చుకున్నది. వాళ్లకు అది ఐరోపాలోని పాత కెల్టిక్ భాషల నుంచి వచ్చి ఉంటుందని పండితుల మాట. ఐర్లండ్, వేల్స్ భాషల్లో ముడి ఖనిజానికి ఇప్పటికీ అలాంటి పేర్లే ఉన్నాయి. మినరల్ అనే మాటా ఈ కుదురుదే. అంటే మనం దుకాణంలో 'మినరల్ వాటర్' అడిగినప్పుడల్లా గనిని తలుచుకుంటున్నట్టే!

విదురుడు పంపిన మైనర్

మన వైపు చూస్తే, సంస్కృతంలో 'ఖన్' అంటే తవ్వడం. ఖని, ఖనిజం, ఖననం అన్నీ అందులోంచి వచ్చినవే. బొగ్గును బయటికి తీసేదీ, మనిషిని లోపల పెట్టేదీ ఒకే ధాతువు. ఖని నోళ్లలో నలిగి తెలుగులో గని అయింది. కానీ గోదావరిఖని ఊరి పేరులో మాత్రం ఖని ఖనిలాగే నిలబడింది.

తవ్వేవాడు ఖనకుడు. ఈ పేరు మన వాళ్లకు కొత్తేమీ కాదు. పాండవులను లక్క ఇంట్లో పెట్టి తగలబెట్టాలని దుర్యోధనుడు పథకం వేసినప్పుడు, విదురుడు రహస్యంగా పంపింది ఒక ఖనకుడినే. అతను ఇంటి నేల కింద సొరంగం తవ్వాడు. నిప్పు అంటుకున్న రాత్రి పాండవులు అందులోంచే బయటపడ్డారు. ఇప్పటి ఇంగ్లిషులో చెప్పాలంటే పాండవుల ప్రాణాలు కాపాడింది ఓ మైనర్.

ఆ సొరంగం అనే మాటకూ ఓ కథ ఉంది. గ్రీకులో 'సిరింక్స్' అంటే గొట్టం. అది మన దగ్గరికి వచ్చి సురంగ అయిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. డాక్టరు చేతిలోని సిరంజి కూడా అక్కడిదే. హిందీ, ఉర్దూల్లో 'బారూదీ సురంగ్' అంటే మందుపాతర.

సింగరేణి వైపు వెళ్తే ఈ పుస్తకాల మాటలేవీ వినిపించవు. ఇల్లందు దగ్గర బొగ్గుందని 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. అక్కడి కార్మికుడు 'గనికి వెళ్తున్నా' అనడు. 'బాయికి పోతున్నా' అంటాడు. నీళ్ల కోసం తవ్వినా బాయే, బొగ్గు కోసం తవ్వినా బాయే. ఇంగ్లిషు వాళ్లు వాలుగా తవ్విన గనిని ఇంక్లైన్ అంటే, మన వాళ్లు దాన్ని కాలనీ పేరు చేసేసుకున్నారు. గోదావరిఖనిలో '8 ఇంక్లైన్ కాలనీ' ఎక్కడని అడిగితే ఆటోవాలా ఇట్టే చెబుతాడు.

గోడ కింద గొయ్యి

మరి గొయ్యికి పేలుడు ఎలా అంటుకుంది? దీనికి జవాబు కిషన్‌బాగ్ నుంచి మూసీ దాటి పడమటి వైపు వెళ్తే కనిపిస్తుంది. గోల్కొండ కోట.

కోటను పట్టాలంటే గోడను కూల్చాలి. పైనుంచి కూలకపోతే కింద నుంచి తవ్వాలి. పూర్వం ఐరోపాలోనూ, ఇక్కడా అదే యుక్తి. గోడ పునాది కిందకు సొరంగం తవ్వి, కర్రలు మోటు పెట్టి, తర్వాత ఆ కర్రలకు నిప్పంటిస్తే గోడ కుంగిపోయేది. తుపాకి మందు వచ్చాక కర్రల బదులు మందు కూరడం మొదలైంది. అలా తవ్విన గొయ్యి పేరు కాస్తా అందులోని మందుకు అంటుకుంది. తర్వాత గొయ్యి పోయింది, పేరు మిగిలింది. సముద్రంలో తేలే బాంబు కూడా మైనే అయింది!

1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. లోపల ఉన్నది అబుల్ హసన్ తానాషా. రామదాసు కథలో మనం చెప్పుకొనే తానీషా ఆయనే. నెలలు గడిచినా కోట లొంగలేదు. మొగలు సైన్యం బురుజు కిందకు సొరంగాలు తవ్వి మందు నింపింది. లోపలి వాళ్లు ఊరుకున్నారా? వాళ్లూ ఎదురు సొరంగాలు తవ్వారు. దొరికినంత మందు తోడేశారు, మిగిలినదాన్ని నీళ్లతో తడిపేశారు. మొగలులు నిప్పంటించేసరికి పొడిగా మిగిలిన మందు వెనక్కి పేలింది. రాళ్లూ మట్టీ ముట్టడి చేస్తున్న వాళ్ల మీదే పడ్డాయి. మొగలు పక్షపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఈ సంగతి దాచకుండా రాశాడు. చివరికి కోట పడింది మందుతో కాదు, లంచంతో. లోపలి సర్దారు ఒకడు రాత్రిపూట తలుపు తెరిచాడు.

ఇంగ్లిషులో 'అండర్‌మైన్' అంటే ఇదే, కింద తవ్వి కూలదోయడం. ఇప్పుడు ఆ మాటను ఆఫీసు రాజకీయాల్లో వాడుతున్నారు. తెలుగువాళ్లు ఏ ఫ్రెంచి మాటా అరువు తెచ్చుకోకుండానే 'వెనక గోతులు తవ్వుతున్నాడు' అంటున్నారు. మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటేనేమో!

మందుపాతర సంగతి మరీ చిత్రం. పాతర అంటే ధాన్యం దాచుకునే నేలగొయ్యి. కరువు కాలానికి జొన్నలు పాతరేసుకుని బతికిన ఊళ్లు ఎన్నో. కడుపు నింపే గొయ్యి పేరే, ప్రాణం తీసే గొయ్యికీ వచ్చింది. తొంభైల్లోనూ, రెండు వేల తొలి ఏళ్లలోనూ ఈ మాట లేకుండా తెలుగు పేపరు వచ్చిన రోజు తక్కువ. 2003 అక్టోబర్ 1న తిరుపతి అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కాన్వాయ్ మీద దాడి జరిగాక 'క్లేమోర్ మైన్' అనే మాట పల్లెటూరి టీ కొట్లకూ చేరిపోయింది. అదే రోజుల్లో నెట్ సెంటర్లలో కుర్రాళ్లు కంప్యూటర్ మీద 'మైన్‌స్వీపర్' ఆడుతూ గళ్లు నొక్కుతున్నారు. తప్పు గడి నొక్కితే బొమ్మ మొహం చచ్చిపోయేది... అంతే.

ఊరి పేరు గనా?

కోటకు చుట్టూ ఇంత యుద్ధం ఎందుకు? వజ్రాల కోసం కూడా. ఇంగ్లిషు నిఘంటువులో 'గోల్కొండ' అని వెతకండి. 'తరగని సంపద నిలయం' అని అర్థం ఇస్తారు. అమెరికాలోని నెవాడాలో ఓ గనుల ఊరికి గోల్కొండ అని పేరు పెట్టుకున్నారు. ఇలినాయ్‌లో మరో గోల్కొండ ఉంది. తమాషా ఏమిటంటే అసలు గోల్కొండలో ఒక్క వజ్రం గనీ లేదు! వజ్రాలు కృష్ణా తీరంలో దొరికేవి. కోట దగ్గర బజారు ఉండేది. కిషన్‌బాగ్‌కు ఎదురుగా మూసీ అవతలి ఒడ్డున ఉన్న కార్వాన్, ఆ రోజుల్లో వజ్రాల వర్తకులు బస చేసిన చోటు. దుకాణం పేరు ప్రపంచమంతా పాకింది, తవ్విన ఊరి పేరు మరుగున పడింది.

ఆ ఊళ్లలో పెద్దది కొల్లూరు. కోహినూర్ ఇక్కడిదేనని చాలామంది నమ్మకం. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే పదిహేడో శతాబ్దం మధ్యలో ఇక్కడికి వచ్చాడు. 1676లో అచ్చయిన తన యాత్రల పుస్తకంలో గోల్కొండకు తూర్పున ఏడు రోజుల ప్రయాణం దూరంలో ఉన్న ఈ చోటు గురించి రాస్తూ, దీన్ని స్థానిక భాషలో 'గని' అంటారనీ, పారశీకంలో 'కొల్లూరు' అంటారనీ చెప్పాడు.

తెలుగువాడెవడికైనా నవ్వు రాకమానదు. కొల్లూరులో ఊరు ఉంది, అది పారశీకం ఎలా అవుతుంది? 'ఇదేమిటి' అని దొర వేలు చూపిస్తే, పక్కనున్న మనిషి 'గని' అని ఉంటాడు. దొర దాన్నే ఊరి పేరనుకుని రాసుకుని ఉంటాడు. 1889లో ఆ పుస్తకాన్ని ఇంగ్లిషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ మాత్రం ఇది పారశీకం 'కాన్' అనుకున్నాడు. ఎటు తిప్పినా అర్థం గనే.

ఆ గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారని తావెర్నియే రాశాడు. మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోయడం. రాయి దొరికితే 'మైన్' అనే హక్కు అందులో ఒక్కరికీ లేదు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

మైనర్ మైనర్ కాకూడదు

తెలుగు లిపిలో రాస్తే మరో చిక్కు. గనిలో పనిచేసేవాడూ మైనరే, పద్దెనిమిది నిండనివాడూ మైనరే. చట్టమేమో ఈ మైనర్ ఆ మైనర్ కాకూడదంటుంది! 1952 నాటి గనుల చట్టాన్ని 1983లో సవరించి 18 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టకూడదన్నారు. అప్రెంటిస్‌లకైతే 16 ఏళ్లు.

అసలు పేచీ 'గని' అంటే ఏమిటన్న దగ్గర వస్తుంది. ఆ చట్టం లెక్కన ఖనిజం కోసం తవ్విన ఏ గొయ్యయినా గనే. రాళ్ల క్వారీ కూడా. కాబట్టి సుత్తి పట్టి బండ పగలగొట్టే వడ్డెర కూలీ కూడా మైనరే. ఊళ్లో అతన్ని రాళ్లు కొట్టేవాడు అంటారు తప్ప గని కార్మికుడు అని ఎవరూ అనరు. కొట్టేవాడికి ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరితే అది సిలికోసిస్. గనుల చట్టం గుర్తించిన జబ్బు. గని కార్మికుడనిపించుకుంటే ఆ జబ్బు లెక్కలోకి వస్తుంది, పరిహారం అడగడానికి దారి ఉంటుంది. లేకపోతే అది వట్టి దగ్గు.

పైగా ఆ చట్టంలో ఓ మినహాయింపు ఉండేది. ఇళ్ల రాయి, కంకర, మొరం లాంటివి తీసే బహిరంగ క్వారీ లోతు 6 మీటర్లు మించకుండా, రోజుకు 50 మందికి మించి పని చేయకుండా, పేలుడు మందు వాడకుండా ఉంటే చాలా నిబంధనలు వర్తించవు. పిల్లల్ని పెట్టకూడదన్న నిబంధన మాత్రం అప్పుడూ వర్తించేది. ఏడు మీటర్ల గొయ్యిలో పనిచేసిన వాడు మైనర్. అయిదు మీటర్ల గొయ్యిలో పనిచేసిన వాడి ఊపిరి వేరేనా? 2025 నవంబర్ 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక 1952 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది.

మాటకు అర్థం చెప్పడంలోనే బతుకు ఉందని తేల్చిన కేసు ఒకటి మన గడ్డ మీదే పుట్టింది. విశాఖ మన్యంలో బొర్రా ప్రాంతపు గిరిజన భూముల్లో గనుల లీజులు బయటివాళ్లకు ఇచ్చారు. సమతా అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతర 'వ్యక్తి'కి ఇవ్వరాదన్నది అప్పటికే ఉన్న నిబంధన. సర్కారు కూడా 'వ్యక్తి'యేనా? అదీ ప్రశ్న. అవునంది సుప్రీంకోర్టు. 1997 జులై 11న వచ్చిన ఆ తీర్పుతో అక్కడి సర్కారు భూముల్లో సైతం ప్రైవేటు వాళ్లకు ఇచ్చిన లీజులు చెల్లకుండా పోయాయి. ఒక్క మాటకు అర్థం తేలడంతో, ఆ కొండల్లో గనులు ఎవరివో తేలింది.

తిరిగి కిషన్‌బాగ్ ట్యూషన్‌కి వద్దాం. 'దిస్ మైన్ ఈజ్ మైన్'. తెలుగులోకి మార్చమంటే సులువు, 'ఈ గని నాది'. ఉర్దూలోకి మార్చమంటేనే ఉంది తిరకాసు. చెవి అనే కాన్ పుంలింగం, గని అనే కాన్ స్త్రీలింగం. 'యే కాన్ మేరా హై' అంటే ఈ చెవి నాది. 'యే కాన్ మేరీ హై' అంటే ఈ గని నాది. మేరా అన్నవాడి కాన్ పంతులుగారి చేతిలో ఉంటుంది.