ఆఫీసు ఫోన్‌లో 108 కొడితే ఎవరు ఎత్తుతారు?

ఈరోజు మీ చేతిలో ఉన్న ఫోన్ గురించి కాదు, ఆఫీసు టేబుల్ మీద ఉండే వైరు ఫోన్ గురించి మాట్లాడుకుందాం. "ఆ డబ్బా ఇంకా ఎవరు వాడుతున్నారు బ్రో" అంటారా? ఒక్క నిమిషం ఆగండి.

నేను జాబ్ చేసేటప్పుడు ఒకరోజు మా ఫ్లోర్‌లో సెక్యూరిటీ అన్న కళ్ళు తిరిగి పడిపోయాడు. పక్కనున్న అమ్మాయి గబగబా టేబుల్ ఫోన్ ఎత్తి 108 కొట్టింది. రింగ్ అయింది, ఎత్తారు కూడా. "హలో, అకౌంట్స్" అన్నారు! మా ఆఫీసులో 108 అంటే అకౌంట్స్ వాళ్ళ ఎక్స్‌టెన్షన్. ఈలోపు ఇంకొకరు మొబైల్‌లో చేశారు కాబట్టి సరిపోయింది, అన్న కోలుకున్నాడు.

ఇలా ఎందుకైంది? ఆఫీసు ఫోన్లన్నీ ఈపీఏబీఎక్స్ అనే ఒక మెషీన్‌కి కలిసి ఉంటాయి. మీరు నొక్కిన అంకెల్ని అది ఒక పట్టికతో పోల్చుకుంటుంది. ఆ పట్టికనే డయల్ ప్లాన్ అంటారు. మామూలుగా ముందు 0 గానీ 9 గానీ నొక్కితే బయటి కాల్, లేకపోతే లోపలి కాల్. మా వాళ్ళు ఎక్స్‌టెన్షన్లు 101 నుంచి మొదలుపెట్టారు. దాంతో 101, 108, 112 అన్నీ ఎవరో ఒకరి టేబుల్‌కే పోయాయి.

ఇది చిన్న విషయం కాదు. 2013 డిసెంబర్‌లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, మార్షల్ ఊళ్ళో ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడ మీద దాడి జరిగింది. ఆమె తొమ్మిదేళ్ళ కూతురు 911కి నాలుగుసార్లు ట్రై చేసింది. కాల్ వెళ్ళలేదు. ఎందుకంటే ఆ హోటల్లో ముందు 9 నొక్కాలి. పాపం, పాపకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కారీ చనిపోయింది. తర్వాత 2018లో ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత అక్కడ పెట్టే కొత్త సిస్టమ్స్‌లో ముందు ఏ అంకె లేకుండానే 911 కలవాలి.

మరి మనం ఏం చెయ్యాలి? మూడే పనులు.

ఒకటి, ఎక్స్‌టెన్షన్లు 1తో మొదలుపెట్టొద్దు, 201 నుంచి ఇవ్వండి. ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎన్ అక్షరం అంటే 2 నుంచి 9 వరకు ఏ అంకైనా, ఎక్స్ అంటే 0 నుంచి 9. అంటే లోపలి కాల్స్‌కి "ఎన్ ఎక్స్ ఎక్స్" అని రాస్తే 108 అందులోకి రానే రాదు.

రెండు, 112, 108, 100, 101 ఒక్కోదానికీ విడిగా రూల్ రాసి నేరుగా బయటి లైనుకి పంపండి. కంగారులో 0 కొట్టి చేసినా కలవాలి, కాబట్టి ఆ రూల్ కూడా ఉంచండి.

మూడు, చాలా ఫోన్లకి బయటి కాల్స్ లాక్ చేస్తారు కదా, ఆ లాక్ నుంచి ఈ నంబర్లని తప్పించండి.

టెస్ట్ కోసం ఊరికే 108కి మాత్రం చెయ్యకండి, ప్లీజ్. ముందు ఆ రూల్‌లో మీ మొబైల్ నంబర్ పెట్టి చూడండి. మీ మొబైల్ మోగితే రూల్ పనిచేస్తున్నట్టే. తర్వాత అసలు నంబర్ పెట్టడం మర్చిపోకండి!

రేపు ఆఫీసుకెళ్ళగానే సిస్టమ్ అడ్మిన్ అన్నని ఒక్క మాట అడగండి: "అన్నా, మన దగ్గర 108 ఎవరి ఎక్స్‌టెన్షన్?" ఆయన ఏదైనా పేరు చెప్తే, ఈ ఎపిసోడ్ ఆయనకి పంపండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.